కొండదారిని సైకిలు

ఆదివారమునాడు తెల్లవారకమున్నే వన్ టౌనులోని మా యింటినుండి సైకిళ్లపై బయలుదేరి, కోస్టల్ బ్యాటరీ దాటి, సముద్రమును కుడిప్రక్క నుంచుకొని కైలాసగిరికి పోవుట మాకు చిరకాలపు టలవాటు. కొండపైకి మోటారురోడ్డు కలదు, మెట్లును కలవు. మేము కోరునది ఆ రెండును గాక, పొదలనడుమ వంకరలు పోవు మన్నుదారి.

ఈ కొండలరాతికి ఖోండుజాతి పేర ఖోండలైటని పేరు. అది ఎండకు వానకు చివికి ఎర్రమన్నగును. వానాకాలమున బంక, వేసవిని పొడి. పొడిమన్నుపై దిగునపుడు ముందుబ్రేకును బిగబట్టినచో చక్రము జారుట నిశ్చయము. నడుమును వెనుకకు జరిపి, రెండు బ్రేకులను మెల్లమెల్లగా పట్టవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చెట్లను కూల్చినపిదప నీడ తగ్గి, వానకు మన్ను మరింత కొట్టుకొనిపోయినది. అందుచే వాన వెలిసిన మరునాడు మేమా దారి తొక్కము; చక్రపుగాడియే కాలువ యగును.

మొన్నటివరకు మా అక్కగారి కుమార్తెయు మాతో వచ్చుచుండెను. పదునాలుగవయేడు రాగానే ఇంటివారు వలదనిరి. మోకాలు గీరుకొన్న పిల్లకు సంబంధములు రావట! దాని యన్నకు మాత్రమట్టి గాయము పౌరుషము. పట్టణమంతటిలో మంచిబడి వెదకి చదివించుచున్నవారే కొండ యెక్కనీయకుండుట మాకు వింతగా నున్నది. మూడువారములు వాదము నడచినది. నిన్న సాయంకాలము మా అక్కగారు ఏమియు పలుకక, ఆ సైకిలుగొలుసునకు నూనె వేయుచు కనబడిరి.