తాండవ గట్టున ఖాళీ పుటలు

విశాఖ వెళ్లే రైలు తుని స్టేషన్ వదలగానే తాండవ నది పలకరిస్తుంది. ఇవతల తుని, అవతల పాయకరావుపేట. తమలపాకులకూ మామిడిపళ్లకూ పేరున్న ఊరు. తలుపులమ్మ లోవకు వెళ్లే భక్తులతో ఆదివారాలు సందడిగా ఉంటుంది. పడమటి కొండల వెనకాల మన్యం.

అల్లూరి సీతారామరాజు చదువుకునే వయసులో కొన్నాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నాడు. కానీ కథలు రాసేవాళ్ల కన్ను చాలాకాలం తుని మీద పడలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద దాడులు. 1924 మే 7న కాల్చివేత. వాళ్లకు కావలసింది ఆ రెండేళ్లే. 1974లో కృష్ణ నటించిన 'అల్లూరి సీతారామరాజు' చిత్రానికి ప్రాణం కూడా ఆ పోరాటమే. తారీఖులు దండిగా ఉన్నచోట కల్పనకు చోటు తక్కువ మరి!

2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' కోసం రాజమౌళి ఆ రెండేళ్లనూ వదిలేసి 1920ని పట్టుకున్నారు. రాజు, కొమురం భీమ్ ఇద్దరూ యవ్వనంలో ఇల్లు వదిలారు, ఆ కొన్నేళ్లలో ఏం చేశారో ఎవరికీ సరిగా తెలియదు అని 2019లోనే ఆయన చెప్పారు. చరిత్ర మౌనంగా ఉన్నచోటే ఆయనకు కథ దొరికింది.

నోరి నరసింహశాస్త్రి చేసిందీ దాదాపు ఇదే. 1053 నాటి నందంపూడి శాసనంలో రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకు ఊరు దానమిచ్చిన సంగతి ఉంది. రాసినవాడు నన్నయ. ఒక పేరు, ఒక ఊరు, ఒక కవి. మిగతాదంతా ఊహించుకుని 'నారాయణభట్టు' నవల అల్లారు.

తేడా ఒక్కటే. వెయ్యేళ్ల కిందటి నారాయణభట్టు చేత ఏం పలికించినా నిలదీసేవారు లేరు. రాజు సంగతి అలా కాదు. ఆయన ఢిల్లీలో తెల్లదొరల పోలీసు అధికారిగా ఉన్నాడని తెర మీద చూసిన పిల్లాడు, అది నిజమేనా అని ఇంట్లో తాతయ్యనే అడుగుతాడు. కల్పన అని ముందే చెప్పినా సరే, బొమ్మ మనసులో ఉండిపోతుంది. దగ్గరి కాలాన్ని ఎంచుకున్న రచయితకు ఈ బరువు తప్పదు.

కృష్ణదేవిపేటలో రాజు సమాధి ఉంది. తుని నుంచి నర్సీపట్నం మీదుగా వెళ్లవచ్చు. పిల్లలతో వెళ్లేవారు ఆ మూడు ఠాణాల కథ దారిలోనే చెప్పేస్తే మంచిది.