పాచికల బల్లనుండి వెండితెరకు

ఉపాధ్యాయుడు తన తప్పును విద్యార్థుల యెదుట చెప్పుకొనుట సుళువైన పని కాదు. అయినను ఈ సంవత్సరపు సంచికకు ఏదైన వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, నాకు మొట్టమొదట జ్ఞప్తికి వచ్చినది నేను చేసిన ఒక తప్పే. దానివలన నేను నేర్చుకొన్నది నాకొక్కనికే పరిమితమైనది కాదని తోచుటచేత ఇచ్చట వ్రాయుచున్నాను.

గత వర్షకాలమున ఒక మధ్యాహ్నము వాన విడువక కురియుచుండెను. డాల్ఫిన్స్ నోస్ కొండ మబ్బులలో మరుగుపడినది. ఆటస్థలమంతయు బురద. తొమ్మిదవ తరగతి బాలురు నలుగురు వసారా మూలన ఒక కాగితమును పరచుకొని దానిచుట్టు కూర్చుండిరి. నడుమ రంగురంగుల పాచికలు. అందొకటి ఇరువది ముఖములు గలది. ఒక బాలుడు గొంతు మార్చి ఏదియో చెప్పుచుండగా తక్కినవారు ఊపిరి బిగబట్టి వినుచుండిరి. నేను దగ్గరకు పోవునప్పటికి "మాంత్రికుడు" "శాపము" అను మాటలు చెవిని పడినవి. పాచికలు జూదమునకు గుర్తు. మంత్రములు అంతకంటె చెడుగు. ఇంతకుమించి ఆలోచింపలేదు. పాచికలను, వారి నోటుపుస్తకమును తీసికొని బీరువాలో పెట్టి తాళము వేసితిని.

"అది జూదం కాదండి, మాస్టారూ. కథండి," అని ఆ చెప్పుచుండిన బాలుడు మెల్లగా అన్నాడు. నేను బదులు చెప్పలేదు. ఆనాటినుండి ఆ బాలుడు తరగతిలో చేయి యెత్తుట మానివేసెను. తెలుగు వ్యాసములలో ఎల్లప్పుడు రెండు పుటలు అధికముగా వ్రాయువాడు, అడిగినంతకే వ్రాసి ఊరకుండెను.

రెండు వారములు గడచిన పిమ్మట ఒక సాయంకాలము ఆ నోటుపుస్తకమును తెరచి చూచితిని. అందొక ఓడరేవు పటము కలదు. కొండమీద దీపస్తంభము కలదు. పాత్రల పేర్లు, వారి బలములు, బలహీనతలు వరుసగా వ్రాయబడియున్నవి. కడపటి పుటలో, "ఇట్టి ఆటలనుండి పుట్టిన నవలలు మంచి సినిమాలుగా ఎందులకు కాలేదు?" అని యొక ప్రశ్న కలదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను జూదమని తాళము వేసినది ఒక బాలుని సాహిత్యవిచారమును.

మరునాడు పుస్తకమును తిరిగి యిచ్చి, తరగతి యెదుటనే క్షమాపణ చెప్పుకొంటిని. ఆ ఆటను గూర్చి నాకు బోధింపుమని ఆ బాలునే అడిగితిని. అతడు చెప్పినదియు, పిమ్మట నేను చదివి తెలిసికొన్నదియు ఇది.

1974వ సంవత్సరమున అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను వెలువరించిరి. మన వైకుంఠపాళిలో పాచిక పడినంతనే పాము మ్రింగుటయో, నిచ్చెన యెక్కుటయో జరుగును. ఆడువాని బుద్ధితో పని లేదు. ఈ ఆట అట్టిది కాదు. ఒకడు కథకుడై, "మీ యెదుట తలుపు మూసియున్నది, లోపల ఎవరో మూల్గుచున్నారు, ఏమి చేసెదరు?" అని అడుగును. ఆడువారు తమ తమ పాత్రల స్వభావమును బట్టి బదులు చెప్పుదురు. వారు తలపెట్టిన పని నెరవేరునో లేదో చూచుటకు మాత్రమే పాచికలు.

పదేండ్లకు, అనగా 1984లో, మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ అనువారు ఈ ఆటకు 'డ్రాగన్‌లాన్స్' అను నూతన ప్రపంచమును కల్పించి, దానిని నవలలుగా కూడ వ్రాయ మొదలిడిరి. అందు రైస్ట్‌లిన్ అను రోగపీడితుడైన మాంత్రికుడు మిక్కిలి ప్రసిద్ధుడు. ఆటయాడుచుండగా ఒక మిత్రుడు ఆ పాత్రకు బొంగురుపోయిన గుసగుస గొంతు నిచ్చెనట. నవలలోని పాత్రకును అదియే గొంతుగా నిలిచిపోయినది. ఆ నవలలను లక్షలమంది చదివిరి. కాని మొదటి నవలను 2008లో బొమ్మల చలనచిత్రముగా తీయగా అది ఎవరిని మెప్పింపలేదు. అంతకు ముందు 2000లో ఆట పేరిటనే తీసిన చిత్రమును అట్లే విఫలమయ్యెను. 2023లో వచ్చిన మరియొక చిత్రము, పెట్టుబడికి తగిన రాబడి తేకపోయినను, విమర్శకుల మన్ననను, చూచినవారి ప్రీతిని పొందినది. అది యే నవలను పట్టుకొనలేదు. ఆటలోని ప్రపంచమును మాత్రము తీసికొని క్రొత్త కథను అల్లుకొన్నది.

"ఐతే పుస్తకంలో ఉన్నది తెరమీద రాదాండి?" అని ఆ బాలుడు అడిగెను.

తెలిసినదానినుండి తెలియనిదానికి పొమ్మని శిక్షణ కళాశాలలో మా ఆచార్యులు మాకు మాటిమాటికి చెప్పెడివారు. కావున అమెరికాను విడిచి మన యింటికే వచ్చితిని.

ఇంటింట టెలివిజను లేని దినములవి. పోర్టు క్వార్టర్సులో మా వరుసకంతకు ఒక్క పెట్టెయే యుండెను. ఒకనాడు దానిలో 'పాతాళభైరవి' వచ్చినది. చాపలు పరచుకొని పిల్లలము ముందును, పెద్దలు వెనుకను కూర్చుంటిమి. మా నాన్నగారు తమ చిన్నతనమున టూరింగు టాకీసులో ఆ చిత్రమును చూచినవారు. మాంత్రికుడు వచ్చునప్పుడెల్ల నా భుజముపై చేయి వేసి, "భయపడకురా, తోటరాముడున్నాడు," అనెడివారు. నాకు భయము లేదు. భయమున్నది ఆయనకే యని ఇప్పుడు తోచుచున్నది. మరునాటినుండి మా వీథి పిల్లలందరును ఒకరినొకరు "డింభకా" యని పిలుచుకొంటిమి.

ఆ చిత్రము ఎక్కడినుండి వచ్చినది? రాజమహేంద్రవరమునకు చెందిన మధిర సుబ్బన్న దీక్షితులుగారు వ్రాసిన 'కాశీమజిలీ కథలు' పండ్రెండు భాగముల గ్రంథము. మణిసిద్ధుడను యతి కాలినడకను కాశికి పోవుచు, తోడు వచ్చిన గోపబాలునకు మజిలీ మజిలీకి ఒక కథ చెప్పును. బాలుడు త్రోవలో చూచిన వింతను గూర్చి అడుగును. ఆ వింతనుండి కథ పుట్టును. "చూచితిరా, మీ ఆటయు ఇట్టిదే," అని నా విద్యార్థులతో అంటిని. అడుగువాడు లేనిదే చెప్పువాడు లేడు. కథ ఒక మజిలీలో ముగియదు. ఒక కథ కడుపున మరియొక కథ. నడచువారికి అది హాయి. ఎంత దీర్ఘమైన అంత మేలు. కాశి దూరము గదా!

కాని చిత్రమును చూచువాడు నడచుచుండలేదు. చీకటిలో రెండు మూడు గంటలు కూర్చుండియున్నాడు. విజయా సంస్థ స్థాపించిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లును, దర్శకులు కె. వి. రెడ్డిగారును ఈ భేదమును ఎరిగినవారు. కాశీమజిలీలలోని ఒక కథను తీసికొని, అల్లావుద్దీను దీపపు కథను పోలిన యంశములను దానితో కలిపి, ఒక తోటమాలి కొడుకు చుట్టును త్రిప్పిరి. మాటలు, పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు మన ఉత్తరాంధ్రములోని రాజాంలో జన్మించినవారు. 1951లో ఆ చిత్రము విడుదలయ్యెను. మరుసటి సంవత్సరము బొంబాయిలో ఆరంభమైన మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున అది ప్రదర్శింపబడినది.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసినది ఒకటి కలదు. తోటరామునకు కోరినదెల్ల ఇచ్చు దేవీప్రతిమ కథ నడుమనే చిక్కును. మేడ వచ్చును, ధనము వచ్చును, రాజకుమారి తండ్రి పెండ్లికి ఒప్పుకొనును. అచ్చటనే కథ ముగిసినచో మనము ఇంటికి పోయి మరచిపోయి యుందుము. కాని ఆ ప్రతిమ మాంత్రికుని చేతికి పోవును, మేడయు మాయమగును, రాజకుమారియు మాయమగును. అప్పుడు ప్రతిమ లేని రాముడు, చేతిలో ఏమియు లేని తోటమాలి కొడుకు, ధైర్యమును యుక్తిని నమ్ముకొని బయలుదేరవలసి వచ్చును. మనము చూచునది మంత్రమును కాదు. మంత్రము చేజారిన పిమ్మట మనుష్యుడు ఏమి చేయునో దానిని. మంత్రములను గూర్చిన కథయని నేను జంకిన జంకు కూడ ఇచ్చటనే తీరినది. అందరిని బలియీయదలచిన మాంత్రికుడు తన దురాశచేతనే చెడుచున్నాడు గదా.

ఆటలో ఆడువాడు తానే నిశ్చయించుకొనును గనుక ఆనందము వానిది. తెర యెదుట కూర్చున్నవానికి ఆ స్వాతంత్ర్యము లేదు. దానికి బదులుగా, కష్టమైన నిశ్చయమును చేయుచున్న యొక మనుష్యుని వానికి చూపవలెను. ఇది లేక రాక్షసులను, దుర్గములను ఎన్ని చూపినను, ఇతరులు ఆడుచున్న ఆటను వెనుకనుండి చూచినట్లుండును.

చెప్పుట సుళువు. చేసి చూడుమని ఆ బాలురు నన్నే పట్టుకొనిరి. తమ నోటుపుస్తకములోని కథను వార్షికోత్సవమున నాటకముగా ఆడవలెనని వారి కోరిక. నేను ఒప్పుకొంటిని.

కథ యిది. ఒక రేవుపట్టణమున దీపస్తంభపు జ్వాలను ఎవరో అపహరించిరి. ఓడలు బండలకు కొట్టుకొని పగులుచున్నవి. పడవవాని కొడుకును వాని మిత్రులును ఆ జ్వాలను వెదకికొని పోవుదురు. మొదటి ప్రతిలో నాయకులు ఐదుగురు, అడవులు మూడు, రాక్షసులు లెక్కకు మిక్కిలి. సంకటము వచ్చినప్పుడెల్ల నాయకుడు రంగస్థలముపై అట్టతో చేసిన పెద్ద పాచికను వేయును. ఒకనాడు ఆరవ తరగతి పిల్లలను కూర్చుండబెట్టి ఆడి చూపితిమి. పాచిక దొర్లినప్పుడెల్ల నవ్విరి. తక్కిన సమయమున ఆవులించిరి.

కోతలు మొదలుపెట్టితిమి. అడవులు పోయినవి, రాక్షసులలో ఒక్కడు మిగిలెను, పాచిక పోయెను. తుదకొక చిక్కు వచ్చినది. ఆ బాలుడు ఆటలో తాను ధరించు పాత్ర, సర్వశక్తుడైన యొక వృద్ధమాంత్రికుడు. రెండేండ్లుగా దినదినము పెంచుకొన్న పాత్ర. అతడు రంగస్థలముపై నున్నంతవరకు ఎవరికిని కష్టము లేదు. కష్టము లేనిచోట నాటకము లేదు. ఆ సంగతి నేను చెప్పలేదు, అతడే కనిపెట్టెను. మూడు దినములు ఎవరితోను మాటలాడలేదు. మరల వీని నోరు మూయించితినా యని నా మనస్సు పీడించెను. నాల్గవనాడు క్రొత్త ప్రతిని తెచ్చి నా బల్లపై పెట్టెను. అందు మాంత్రికుడు లేడు. పడవవాని కొడుకునకు జ్వాల దొరకును. ఆ జ్వాలకు రోగమును మాన్పు గుణము కలదు. ఇంట తల్లి మంచము పట్టియున్నది. సముద్రమున తుపాను లేచినది. చీకటిలో ఓడలు వచ్చుచున్నవి. జ్వాల ఒక్కటే.

నాటకము ఇరువదియైదు నిమిషములు జరిగెను. పడవవాని కొడుకు జ్వాలను పట్టుకొని రెండు త్రోవల నడుమ నిలిచినప్పుడు మా సభామందిరమున దగ్గు కూడ వినబడలేదు. వాడు కొండవైపు అడుగు వేసెను. మన విశాఖలో సముద్రముమీద బ్రదుకువారి కుటుంబములు అనేకములు కలవు. ముందు వరుసలోని తల్లులు కొందరు కండ్లు తుడుచుకొనిరి.

ఆ బాలుని తండ్రి ఉక్కు కర్మాగారమున పనిచేయుచున్నారు. రాత్రి షిఫ్టు ముగించుకొని, నిద్రపోకయే, ఉక్కునగరమునుండి వచ్చి వెనుక నిలిచి చూచిరి. ఉత్సవము ముగిసిన పిమ్మట నాయొద్దకు వచ్చి, "వీడు రాసేవన్నీ ఆటలే అనుకున్నానండి, మాస్టారూ," అనిరి. "నేనును అట్లే అనుకొంటిని," అని బదులు చెప్పితిని. ఇరువురమును కొంతసేపు ఊరకుంటిమి.

తల్లిదండ్రులకు, నా తోడి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. మనకు తెలియని ఆటను పిల్లలు ఆడుచున్నప్పుడు, తాళపుచెవిని తీయుటకు ముందు ఒక ప్రక్కన కూర్చుండి వినుడు. చదువును విడిచి ఆటలనే పట్టుకొనుమని నేను చెప్పుటలేదు. ఆటలో చదువున్నదేమో చూడుమని చెప్పుచున్నాను. విద్యార్థులారా, మీరు ప్రేమించిన కథను ఇతరులకు చూపదలచితిరేని, అందలి వింతలనన్నిటిని మూటగట్టి తేకుడు. ఎవడు ఏమి కోరుచున్నాడు, దానికై ఏమి విడుచుచున్నాడు అని మొదట అడుగుడు. విడుచుట వ్రాయువానికిని తప్పదు.

మొన్న ఆ బాలుడు నాకొక క్రొత్త నోటుపుస్తకమును తానై తెచ్చి యిచ్చినాడు. మొదటి పుటలోనే ఆ వృద్ధమాంత్రికుడు కనబడెను. కాని ఈ మారు అతడు తన శక్తులను పోగొట్టుకొని, ఒక చిన్న పల్లెలో పిల్లలకు అక్షరములు నేర్పుకొని బ్రదుకుచున్నాడు. తరువాత ఏమి జరుగునో నేనింకను చదువలేదు.