దాచిపెట్టిన తామర

పోయిన వానాకాలం నా నడుము మీద రూపాయి బిళ్ళంత మచ్చ లేచింది. అంచు ఎర్రగా ఉబ్బి, మధ్యలో తేటగా, ఉంగరంలా ఉంది. రాత్రయితే ఒకటే దురద. బడిలో తెలిస్తే నా పక్కన ఎవరూ కూర్చోరని అమ్మకు కూడా చెప్పలేదు.

మా బామ్నిలో వానాకాలం బట్టలు సరిగా ఆరవు. నాట్లకు పోయి తడిసిన బట్టలన్నీ ఒకే దండెం మీద వేస్తాం. ఇంటిల్లిపాదికీ ఒకటే తువ్వాల. దాచుకున్న పైసలతో దుకాణంలో ఒక ట్యూబు కొని రాసుకున్నాను. మూడు రోజులకు దురద తగ్గింది, మానేశాను. పదిహేను రోజులకు మచ్చ అరచేయంత అయ్యింది. తమ్ముడి చెంప మీద కూడా అలాంటి ఉంగరమే కనబడింది. వాడికి ఆరేళ్లు. వాడు గోక్కుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆ రాత్రి అమ్మకు చూపించాను. "ఇన్ని రోజుల సంది ఎందుకు చెప్పలేదే?" అని తిట్టింది. తర్వాత తన నడుము చూపించింది. చీర కట్టుకునే చోట అమ్మకూ ఉంది. అమ్మ కూడా సిగ్గుపడి దాచింది!

ముగ్గురం ఎస్టీ బస్సులో సిరొంచ దవాఖానకు పోయాం. అమ్మకు మరాఠీ రాదు కాబట్టి నేనే అంతా చెప్పాను. డాక్టరు మేడం "గజకర్ణ" అన్నారు. అంటే మన తామరే. ఇది ఫంగస్ వల్ల వస్తుందట. నా ట్యూబు చూసి, అందులో స్టెరాయిడ్ కలిసి ఉందన్నారు. అది ఎరుపును, దురదను అణచేస్తుంది గానీ ఫంగస్‌ను చంపదు. ఫంగస్ పాకుతూనే ఉంటుంది. ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దని 2018లోనే ప్రభుత్వం చెప్పిందని తర్వాత మా సైన్సు సార్ చెప్పారు. మామూలు మందుకు లొంగని తామర ఇప్పుడు మన దేశంలో పెరిగిందని కూడా అన్నారు.

మేడం చెప్పినట్టే ముగ్గురం ఒకేసారి మందు మొదలుపెట్టాం. మచ్చ మీదే కాక చుట్టూ రెండు వేళ్ల మేర రాశాం. మచ్చ పోయాక కూడా రెండు వారాలు ఆపలేదు. ఎవరి తువ్వాల వాళ్లకే. బట్టలు వేడినీళ్లతో ఉతికి ఎండలో ఆరేశాం. ఒళ్లు పూర్తిగా ఆరాకే బట్టలు వేసుకున్నాం. అందరికీ తగ్గేసరికి రెండు నెలలు పట్టింది.

మొన్న నా బెంచీలో అమ్మాయి ఉక్కపోతలో కూడా మెడకు చున్నీ చుట్టుకొని కూర్చుంది. నేను ఏమీ అడగలేదు. ముందు నా సంగతి చెప్పాను. కొంచెం సేపటికి తనే చున్నీ తీసి చూపించింది.

మీకూ ఉంటే దాచకండి. నేను దాచినందుకు మా తమ్ముడికి వచ్చింది.