శమీవృక్షం: రెండు రాష్ట్రాల ఆయుధన్యాయం

ఆయుధం జడపదార్థం. దానికి స్వతంత్రంగా ధర్మం గాని అధర్మం గాని లేదు. అయినా ఆ జడవస్తువు ఒక సరిహద్దు దాటగానే దానిని కలిగినవాని స్థితి సమూలంగా మారిపోవచ్చు. నిన్న నిర్దోషియైన గృహస్థు నేడు దండనార్హుడు కావచ్చు. వస్తువు మారలేదు, వ్యక్తి మారలేదు, సంకల్పం మారలేదు. మారినది దేశం మాత్రమే. దేశకాలపాత్రములను బట్టి ధర్మనిర్ణయం జరగాలని మన పెద్దలు అంటూ ఉంటారు. ఆ మాటలోని 'దేశ' శబ్దం ఎంత బరువైనదో అమెరికాలో ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి కాపురం మార్చేటప్పుడు నాకు ప్రత్యక్షంగా బోధపడింది.

2023 వేసవిలో ఉద్యోగనిమిత్తం మా కుటుంబం టెక్సాస్‌లోని డల్లాస్ ఉత్తర ప్రాంతం నుండి న్యూజెర్సీకి తరలవలసి వచ్చింది. సామగ్రి జాబితాలో మంచాలు, గ్రైండరు, దేవుని మందిరం, పుస్తకాల పెట్టెలు ఉన్నాయి. చివరి పంక్తిలో ఒక పిస్తోలు, పదిహేడు గుళ్లు పట్టే రెండు మ్యాగజైన్లు. శాశ్వత నివాసార్హత లభించిన తరువాత, మా వీథిలో వరుసగా రెండు ఇళ్లలో దొంగతనాలు జరిగిన రోజులలో, దానిని కొన్నాను. దానిని వెంట తీసుకొనిపోవాలా, వదలిపోవాలా అన్న ప్రశ్న నా ముందు నిలిచింది. అది చిన్న ప్రశ్న కాదని రెండు రాష్ట్రాల శాసనాలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు తెలిసింది.

ముందుగా మూలసూత్రం. అమెరికా రాజ్యాంగానికి 1791లో చేరిన రెండవ సవరణ ఆయుధధారణ హక్కును పేర్కొంటుంది. అది వ్యక్తిగత హక్కేనని 2008లో హెల్లర్ వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం నిర్ణయించింది. 2010లో మెక్‌డొనాల్డ్ తీర్పు దానిని రాష్ట్రాలకు కూడా వర్తింపజేసింది. 2022 జూన్‌లో బ్రూయెన్ తీర్పు ఇంటి వెలుపల ధరించే హక్కును కూడా గుర్తించింది. మూలసూత్రం ఒక్కటే. కాని దానిపై రాష్ట్రాలు వ్రాసిన భాష్యాలు పరస్పరం పోలికే లేనంత భిన్నమైనవి. ఒకే సూత్రానికి అనేక భాష్యాలుండటం మనకు కొత్త కాదు. ఇక్కడి విశేషమేమంటే, భాష్యభేదం తెలియనివాడు చర్చలో ఓడిపోవడంతో ఆగడు, కారాగారానికి పోతాడు.

టెక్సాస్ భాష్యం స్వేచ్ఛాప్రధానమైనది. అక్కడ తుపాకీకి నమోదు లేదు, కొనడానికి రాష్ట్రం ఇచ్చే అనుమతిపత్రం అక్కరలేదు. లైసెన్సు గల దుకాణంలో కొంటే కేంద్ర ప్రభుత్వ పత్రం నింపాలి, పూర్వచరిత్ర పరిశీలన జరుగుతుంది. ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య విక్రయానికి ఆ పరిశీలన కూడా అవసరం లేదు. 2021 సెప్టెంబరు 1 నుండి, చట్టరీత్యా నిషిద్ధులు కాని 21 ఏళ్లు నిండినవారు లైసెన్సు లేకుండానే పిస్తోలు ధరించి తిరుగవచ్చు. అంతమాత్రాన టెక్సాస్ నిరంకుశమైన స్వేచ్ఛాభూమి అనుకొనరాదు. పదిహేడేళ్ల లోపు పిల్లలకు గుళ్లు నింపిన తుపాకీ అందుబాటులో ఉండేటట్లు వదలిపెట్టడం అక్కడ కూడా నేరమే. వద్దని ద్వారం మీద విహిత రూపంలో ప్రకటన ఉంచిన దుకాణంలోకి ఆయుధంతో ప్రవేశించడమూ నేరమే.

న్యూజెర్సీ భాష్యం నియమప్రధానమైనది. తుపాకీ కొనడానికి ముందుగా కొనుగోలుదారు గుర్తింపు కార్డు పొందాలి. వేలిముద్రలు, పరిచయస్తుల సాక్ష్యం, మానసిక ఆరోగ్య రికార్డుల పరిశీలనకు సమ్మతి, ఇవన్నీ అందులో భాగం. పిస్తోలు అయితే ఒక్కొక్కదానికి వేరే అనుమతి, అది కూడా ముప్పది దినములలో ఒకటే. 2018 నుండి పదికి మించి గుళ్లు పట్టే మ్యాగజైను నిషిద్ధం. కలిగి ఉండటమే నాల్గవ తరగతి నేరం, పద్దెనిమిది నెలల వరకు శిక్ష. ధారణానుమతి లేకుండా పిస్తోలుతో బయట దొరికితే అది రెండవ తరగతి నేరం. దానికి ఐదు నుండి పదేళ్ల శిక్ష, అందులో కనీసం నలభై రెండు నెలలు విడుదలకు అవకాశం లేకుండా గడపాలి. 2022లో చేసిన శాసనం ప్రకారం కొత్తగా వచ్చి స్థిరపడినవారు అరువది దినములలో గుర్తింపు కార్డు పొంది, బయటి రాష్ట్రంలో సంపాదించిన పిస్తోలును నమోదు చేయించాలి.

ఇక మార్గం మాట. డల్లాస్ నుండి మేము పోవలసిన దారి ఆర్కాన్సా, టెన్నెసీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, మేరీల్యాండ్, పెన్సిల్వేనియాల మీదుగా సాగుతుంది. రెండు కొసలతో కలిపి ఎనిమిది రాష్ట్రాలు, ఎనిమిది శాసనాలు. ఇటువంటి ప్రయాణికుని కొరకు 1986 నాటి కేంద్ర చట్టంలో ఒక రక్షణ ఉంది. తుపాకీలో గుళ్లు ఉండరాదు. తుపాకీ గాని గుళ్లు గాని కూర్చున్నవారి చేతికి అందరాదు. కారుకు వేరే డిక్కీ లేకపోతే తాళం వేసిన పెట్టెలో ఉంచాలి, ముందున్న గ్లవ్ బాక్సు పెట్టెగా లెక్కకు రాదు. అయితే ఈ రక్షణకు ఒక నిబంధన ఉంది. బయలుదేరిన చోట, చేరే చోట రెండింటిలోనూ ఆ వ్యక్తికి ఆ ఆయుధం ధర్మబద్ధమై ఉండాలి. పిస్తోలు సంగతి ఎలా ఉన్నా, పదిహేడు గుళ్ల మ్యాగజైను న్యూజెర్సీలో నిషిద్ధం గనుక దానికి ఆ కవచం పనికిరాదు. గమ్యంలో దోషమైనది దారిలో పుణ్యం కాలేదు.

కొలరాడో నుండి న్యూజెర్సీకి తరలివచ్చిన ఒక యువకుని వ్యాజ్యం ఈ సందర్భంలో స్మరణీయం. ఇల్లు మారే సమయంలో కారు డిక్కీలో తుపాకులు దొరికినందుకు 2010లో అతనికి ఏడేళ్ల శిక్ష పడింది. ఒక నివాసం నుండి మరొక నివాసానికి మారేవారికి న్యూజెర్సీ చట్టంలోనే మినహాయింపు ఉంది. కాని అది అతనికి వర్తిస్తుందా అన్న విషయం జ్యూరీ ముందుకు పోలేదు. అదే సంవత్సరం డిసెంబరులో గవర్నరు శిక్షను తగ్గించగా అతడు బయటపడ్డాడు. మినహాయింపు పుస్తకంలో ఉండటం వేరు, ఆపత్కాలంలో అది చేతికి అందడం వేరు.

నా విషయంలో మరొక చిక్కు ఉన్నది. మా అక్కగారి కుమారుడు ఆ శరదృతువులో న్యూజెర్సీలో చదువుకొనడానికి ఎఫ్-1 వీసాపై వచ్చి మా ఇంటనే ఉండాలని ముందే నిశ్చయమైంది. తెలుగువారిలో చాలామందికి తెలియని విషయం ఇది. విద్యార్థి వీసా, హెచ్-1బీ వంటి వలసేతర వీసాలపై ఉన్నవారు తుపాకీ గాని గుళ్లు గాని కలిగి ఉండరాదని కేంద్ర చట్టం శాసిస్తుంది. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు వంటివి కొన్ని ఉన్నాయి. లేనివారికి కలిగి ఉండటమే పెద్ద నేరం. శాశ్వత నివాసికి ఆ నిషేధం లేదు. సరదాకు షూటింగ్ రేంజికి పోయి అద్దె తుపాకీ పట్టుకొని ఫోటో దిగే విద్యార్థి, తన భవిష్యత్తును ఆ చిత్రంలో బంధిస్తున్నానని ఎరుగడు. ఒకే పైకప్పు క్రింద నాకు హక్కు, అతనికి నిషేధం. ఇంట్లో అతడు ఉన్నంతమాత్రాన నేరం కాదు. కాని తాళపుచెవి అతని చేతికి అందినా, అతని అధీనంలో ఉన్నదని చెప్పదగిన స్థితి ఏర్పడినా ప్రమాదమే. దేశభేదం, కాలభేదం తెలిసినవి. పాత్రభేదం ఇంత సమీపంలో ఉంటుందని ఊహించలేదు.

ఒక రాత్రి భోజనానంతరం నా సహధర్మచారిణి అడిగింది: "ఏమండీ, దాన్ని కొన్న రోజున మనకు భయం ఎంత ఉండేదో, ఈ రోజున దానివల్ల అంత భయం ఉంది కదా?" నేను అన్నాను: "ప్రమాదం వచ్చిన క్షణంలో లేకపోతే ఎలా?" ఆమె వాదించలేదు. "అల్లెన్ అంగడిలో మనం ఎన్ని ఆదివారాలు తిరిగామో లెక్క పెట్టండి" అని మాత్రం అన్నది.

2023 మే 6న అల్లెన్‌లోని ఆ విపణిలో ఒకడు జరిపిన కాల్పులలో ఎనిమిది మంది మరణించారు. వారిలో తెలంగాణకు చెందిన ఒక యువతి ఉన్నది. ఆ వార్త విన్న వారంలో మా పరిచయస్తులలో కొందరు కొత్తగా తుపాకీ కొన్నారు. కొందరు ఉన్నదానిని అమ్మివేశారు. ఒకే దుఃఖం రెండు విరుద్ధ నిర్ణయాలకు హేతువైంది. రెండు పక్షాలకూ దృష్టాంతాలు ఉన్నాయి. 2019 డిసెంబరులో ఫోర్ట్ వర్త్ సమీపంలోని వైట్ సెటిల్‌మెంట్ చర్చిలో కాల్పులు ప్రారంభమైన కొన్ని క్షణాలలోనే సభలోని సాయుధుడొకడు దుండగుని నేలకూల్చాడు. అప్పటికే ఇద్దరు మరణించినా అనేకుల ప్రాణాలు నిలిచాయి. 2022 మేలో యువాల్డీ పాఠశాలలోనో, ఎందరో సాయుధ రక్షకభటులు బయట నిలిచి ఉండగానే పందొమ్మిది మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు బలియైనారు. ఆయుధం ఉన్నంతమాత్రాన రక్షణ సిద్ధించదు. లేనంతమాత్రాన శాంతి సిద్ధించదు.

సంఖ్యలను కూడా చూశాను. 2022లో అమెరికాలో తుపాకీ గాయాలతో మరణించినవారు నలభై ఎనిమిది వేలకు పైగా. వారిలో సగానికి మించి ఆత్మహత్యలు. అనగా తుపాకీ ఉన్న ఇంటికి మొదటి ముప్పు కిటికీ పగులగొట్టి వచ్చే దొంగ ఒక్కడే కాదు. ఆ ఇంటిలోనివారికే కలిగే ఒక దుర్బల క్షణం కూడా. జనాభా నిష్పత్తిలో న్యూజెర్సీ మరణాలు టెక్సాస్ మరణాలలో సుమారు మూడవ వంతు. దీనికి శాసనమొక్కటే కారణమని నేను అనను; జనసాంద్రత, ఆర్థికస్థితి, ఆచారం ఇత్యాదులు కూడా కలిసి ఉంటాయి. కాని మాకు పదిహేనేళ్ల కుమారుడు ఉన్నాడు, ఇల్లు విడిచి పరదేశం వస్తున్న మేనల్లుడు ఉన్నాడు. కౌమారం, ఏకాంతం, ఒత్తిడి అనేవి ఏ రాష్ట్రంలోనైనా ఒక్కటే.

ఈ ఆలోచనల నడుమ మా తాతగారు గుర్తుకు వచ్చారు. చిత్తూరు జిల్లాలో వేరుసెనగ చేనును అడవిపందుల నుండి కాపాడుకొనడానికి ఆయనకు లైసెన్సు తుపాకీ ఉండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దానిని పోలీసు ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకొనేవారు. మన దేశంలో 1959 ఆయుధచట్టం ప్రకారం ఆయుధం హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి. అప్పగించడం అవమానమని ఆయన ఎన్నడూ భావించలేదు. "అది నాదే, కాని ఇప్పుడు దాని కాలం కాదు" అనేవారు.

ఆ మాటకు పురాతనమైన ప్రమాణం విరాటపర్వంలో ఉన్నది. అజ్ఞాతవాసానికి మత్స్యరాజ్యంలో ప్రవేశించే ముందు పాండవులు తమ ఆయుధాలను నగరం వెలుపల శమీవృక్షంపై భద్రపరిచారు. దసరానాడు జమ్మిచెట్టుకు ప్రదక్షిణం చేసే మనం ఆ గాథలోని విజయాన్ని స్మరిస్తాం గాని, ప్రవేశానికి ముందు జరిగిన వివేచనను అంతగా స్మరించం. వారు ఆయుధాలను ద్వేషించి విడువలేదు; తమ క్షాత్రాన్నీ విడువలేదు. కొత్త రాజ్యంలో తమ స్థితి ఏమిటో, గాండీవంతో ప్రవేశిస్తే ఏమి జరుగునో విచారించి, సమయం కొరకు వేచి ఉన్నారు. పైగా ఎవరూ ఆ చెట్టు దరి చేరకుండా ఒక శవాన్ని కూడా కట్టారు. వదలిన ఆయుధం ఇతరుల చేతికి చిక్కరాదన్నది వారి రెండవ జాగ్రత్త. విడవడం, భద్రపరచడం రెండూ కలిస్తేనే ఆ న్యాసం పూర్తి అయింది.

నేను చేసినది చాలా సామాన్యమైన పని. బయలుదేరడానికి పది రోజుల ముందు పిస్తోలును, మ్యాగజైన్లను, మిగిలిన గుళ్లను టెక్సాస్‌లోనే లైసెన్సు గల విక్రేతకు అమ్మి రసీదు తీసుకొన్నాను. తెలియని వ్యక్తికి నేరుగా అమ్మితే మరికొంత ధనం వచ్చేది, అక్కడి చట్టమూ అడ్డురాదు. కాని అది ఎవరి చేతికి పోతున్నదో పరిశీలన జరగాలన్నది నా మనసుకు శాసనంకన్న బలమైన నియమంగా తోచింది. కొంతమంది మిత్రులు ఇది పిరికితనమన్నారు. మరికొందరు అసలు కొనడమే అధర్మమన్నారు. ఇద్దరికీ నమస్కారం.

ఇటువంటి తరలింపు చేసే తెలుగువారికి నా మనవి ఒక్కటే. తుపాకీ ఉండాలా వద్దా అని ఎవరికి వారు నిర్ణయించుకొనండి. కాని చేరబోయే రాష్ట్రపు శాసనాన్ని పెట్టెలు కట్టక ముందే చదవండి. మ్యాగజైను పరిమితి, నమోదు గడువు, దారిలోని రాష్ట్రాలు, ఇంట్లోని ప్రతి వ్యక్తి వీసాస్థితి, ఈ నాలుగు తెలియకుండా కదలవద్దు. స్నేహితుల వాట్సాప్ సందేశం ప్రమాణం కాదు. సందేహం ఉన్నచోట ఆ రాష్ట్రపు న్యాయవాదిని అడగండి. శాసనాలు మారుతూ ఉంటాయి. న్యాయస్థానాలలో వ్యాజ్యాలు నడుస్తూనే ఉంటాయి.

న్యూజెర్సీ చట్టం ప్రకారం కార్డుకు దరఖాస్తు చేసుకొనే అర్హత నాకు ఇప్పటికీ ఉన్నది. మేనల్లుడు చదువు ముగించి తన దారిన పోయిన తరువాత, మా అబ్బాయి పెద్దవాడైన తరువాత, మళ్లీ విచారిస్తాను. అప్పుడు అవసరమని తోచవచ్చు, తోచకపోవచ్చు. భయం ప్రేరేపించిన నిర్ణయం కాక, విచారణ నుండి పుట్టిన నిర్ణయం అయితే చాలు.