ఎర్ర సముద్రం మీద అక్కా, నేనూ

నీళ్ల మీద ప్రయాణమంటే నాకు తెలిసిందల్లా శివరాత్రికి పట్టిసీమ వెళ్లే పడవే! అందులోనూ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నాన్న చొక్కా పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని. అక్క మాత్రం నీళ్లలో చెయ్యిపెట్టి ఆడుతూ, "పిరికి మొహమా!" అని నవ్వేది.

అటువంటిదాన్ని నేను, 2022 నవంబరులో ఎర్ర సముద్రం మీద విలాసనౌకలో వారం రోజులు తిరిగి వచ్చానంటే మా వీధిలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. "నవలలు రాస్తే అంత డబ్బొస్తుందా అండీ?" అని ఎదురింటావిడ ఆరా తీసింది కూడాను. ఆవిడకి చెప్పినట్టే మీకూ చెప్తున్నాను, రాదు. ఆ ప్రయాణం మా బావగారు కొన్నది.

అక్కా, బావగారూ అమెరికాలో స్థిరపడి చాలా ఏళ్లయింది. 2020లో వాళ్ల ముప్ఫయ్యో పెళ్లిరోజు వస్తుందని బావగారు ఏడాది ముందే డబ్బంతా కట్టేశారు. జోర్డాన్‌లో ఓడెక్కి ఈజిప్టులో దిగడం, మధ్యలో ఎడారి ఒడ్డున విడిది పట్నాలూ, పాతకాలపు శిథిలాలూ. ఇంతలో కరోనా వచ్చింది. ప్రయాణం వాయిదా పడింది. మరుసటి ఏడు ఆ కరోనాయే బావగారిని తీసుకుపోయింది. డబ్బు వెనక్కివ్వం, కావాలంటే రెండో మనిషి పేరు మార్చుకోవచ్చునన్నారు ఓడవాళ్లు.

"నువ్వొస్తావా?" అని అక్క ఫోన్ చేసింది.

"ఎందుకక్కా, నన్ను..." అని నసిగాను.

"ఆయన కట్టిన డబ్బే. గంగపాలు చెయ్యడం నాకిష్టం లేదు," అంది.

అంతే. రావాలని ఉందో లేదో అడగలేదు, బతిమాలనూ లేదు. మా అక్క ఎప్పుడూ అంతే. ఇంకో కారణం కూడా ఉంది. మా ఇద్దరి మధ్యా అప్పటికి పదకొండేళ్లుగా ఒక గోడ ఉంది. ఆ గోడ కట్టింది నేనే. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మా వారు టీవీలోంచి తలెత్తకుండానే, "వెళ్లిరా, నీకూ ఏదో నవలకి పనికొస్తుంది," అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు గాని, నాకు మాత్రం ఎక్కడో చురుక్కుమంది.

అకాబా రేవులో ఓడెక్కాం. నూరుమందికి మించి పట్టని చిన్న ఓడ. చిన్నదన్నానే గాని, లోపల చూస్తే కళ్లు చెదిరాయి. మా గది తలుపు తియ్యగానే పెద్ద మంచం, దానిమీద గులాబీ రేకులు, తువ్వాళ్లు మడిచి చేసిన రెండు హంసలు! పక్కన బల్ల మీద కేకు. దాని మీద అక్క పేరూ, బావగారి పేరూ, పెళ్లిరోజు శుభాకాంక్షలూ. బావగారు 2019లో చెప్పి పెట్టించుకున్న ఏర్పాటు అది. టిక్కెట్టు మీద పేరు మార్చారు గాని ఆ కాగితం ఎవరూ చూసుకోలేదు!

నాకు ఊపిరాడలేదు. గబగబా కేకు తీసి బయట పెట్టబోయాను.

"ఉంచు," అంది అక్క. మంచం చివర కూర్చుని చాలాసేపు దానివంకే చూసింది. తర్వాత చాకు తీసుకుని, పేర్లు తెగకుండా పక్కనుంచి ఒక ముక్క కోసి నాకిచ్చి, తనొకటి తింది. "ఆయనకి చాక్లెట్ అంటేనే ఇష్టం. నాకు కాదు," అంది. నవ్విందో, ఏడ్చిందో నాకు తెలియలేదు. హంసల్ని మాత్రం రెండు రోజుల దాకా విప్పనివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే బస్సులో పెట్రాకి తీసుకెళ్లారు. రెండువేల ఏళ్ల కిందట నబాటియన్లనే వ్యాపారులు కొండల్ని తొలిచి కట్టుకున్న పట్నమది. రెండు కొండల మధ్య చీలికలాంటి సందులోంచి కిలోమీటరు పైన నడవాలి. పైకి చూస్తే ఆకాశం రిబ్బను ముక్కలా కనిపిస్తుంది. ఆ రాతిగోడల వెంట నీళ్ల కాలవలు చెక్కి ఉన్నాయి. వానలే లేని చోట పడిన ప్రతి చుక్కనీ పట్టి ఊరికి తెచ్చుకున్నారట. రెండు రోజులకోసారి వచ్చే మా వీధి కుళాయి తలుచుకుని నేను నిట్టూర్చాను.

సందు మలుపు తిరగ్గానే ఎదురుగా ఆ ప్రసిద్ధమైన కట్టడం. దాదాపు నలభై మీటర్ల ఎత్తున, గులాబీ రంగు కొండనే చెక్కేశారు. "అల్ ఖజ్నే అంటారు. అంటే..." అని గైడు చెప్పబోతుంటే, "ఖజానా!" అన్నాం అక్కా, నేనూ ఒక్కసారే. అరబ్బీ మాట మనింట్లో మాటే అయినందుకు ఎంత సంతోషమనిపించిందో!

తీరా చూస్తే అది ఖజానా కాదట, ఎవరో రాజుగారి సమాధి. పైనున్న రాతి కలశంలో బంగారం దాచారనుకుని అక్కడి బెదూయిన్లు తుపాకులతో కాల్చిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కలశమేమో లోపల డొల్ల కూడా లేని గట్టిరాయి.

"లోపలేముందో తెలియకుండానే కాల్చేశారన్నమాట," అంది అక్క.

మామూలు మాటే. కాని అక్క కలశం వైపు చూడకుండా నావైపు చూస్తూ అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా బల్లకి వడ్డించే కుర్రాడు మా మాటలు విని, "మీరు తెలుగువాళ్లాండీ!" అని మొహం చేటంత చేసుకున్నాడు. సోంపేట దగ్గర పల్లెటూరట. ఆ రోజునుంచీ మా ఇద్దరికీ పెరుగన్నం ప్రత్యేకం. అక్క పెట్టెలోంచి నిమ్మకాయ ఊరగాయ సీసా తీసి వాడికీ కాస్త పెట్టింది. వాడు చెప్పుకొచ్చాడు: తొమ్మిది నెలలు ఓడ మీదే ఉండాలి, పెంచిన నాయనమ్మ పోయిందని నడిసముద్రంలో ఫోనొచ్చింది. "రాలేకపోయానండి. ఇప్పటికీ ఊళ్లో అంటారు, వీడు డబ్బు పంపాడు గాని మనిషి రాలేదని," అన్నాడు, కంచాలు తీస్తూ.

"పాపం! నీ తప్పేముంది బాబూ," అన్నాను. నా కళ్లు చెమర్చాయి కూడా.

అక్క చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయింది.

తర్వాత ఓడ షర్మ్ ఎల్ షేక్ చేరింది. ఒకప్పుడు జాలరుల ఊరు. 1967 నుంచి 1982 దాకా ఇజ్రాయెల్ చేతిలో ఉండి, మళ్లీ ఈజిప్టుకి వచ్చింది. ఇప్పుడు తీరమంతా హోటళ్లే. వెనకాల గడ్డిపోచ మొలవని ఎర్రటి కొండలు, ముందు పచ్చని పచ్చికా, ఈతకొలనులూ. ముతక చీరకి పట్టు అంచు వేసినట్టు! సముద్రపు నీటిలో ఉప్పు తీసి ఆ పచ్చికకి పోస్తారట. గాజు అడుగున్న పడవలో తిప్పితే కాళ్లకిందే పగడపు దిబ్బలూ, రంగురంగుల చేపలూ. ఎర్ర సముద్రమని పేరే గాని, నీళ్లు నెమలికంఠం రంగు. నేను యథాప్రకారం కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. పక్కన అక్క నీళ్లలో చెయ్యిపెట్టింది. "పిరికి మొహమా," అంటుందని ఎదురుచూశాను. అనలేదు.

ఇంక గోడ సంగతి చెప్పాలి.

2009లో నాన్న పోయారు. మూడు నెలలు మంచంలో ఉండి, వీధి తలుపు చప్పుడైతే చాలు "పెద్దమ్మాయి వచ్చిందా?" అనేవారు. అక్క డబ్బు పంపింది. రాలేదు, కర్మకి కూడా. 2011లో నేనొక సీరియల్ రాశాను. అందులో పెద్దకూతురు డాలర్లు పంపి చేతులు దులుపుకుంటుంది. పేరు మార్చాను, ఊరు మార్చాను. పాఠకులు ఆ పాత్రని తిడుతూ రాసిన ఉత్తరాలు సంచీడు వచ్చాయి. నిజం చెప్పొద్దూ, గర్వపడ్డాను. అక్క ఫోన్‌లో, "చదివాను, బాగుంది," అంది. అంతే. ఆ తర్వాత మా మధ్య క్షేమసమాచారాలే మిగిలాయి.

ఆఖరి మజిలీ సఫాగా రేవు. అక్కణ్ణించి ఎడారి కొండల్లో మూడు గంటల పైన బస్సులో పోతే లక్సరు. తూటన్‌ఖామున్ సమాధి బయటపడి అప్పటికి సరిగ్గా నూరేళ్లట. ఎక్కడ చూసినా జనం. నాకు మాత్రం మనసుకి పట్టింది హత్‌షెప్‌సుత్ రాణి గుడి. దాదాపు మూడున్నర వేల ఏళ్ల కిందట సుమారు ఇరవై ఏళ్లు రాజ్యమేలిన ఆడమనిషి! శిల్పాల్లో పెట్టుడు గడ్డంతో, మగరాజు వేషంలో కనిపిస్తుంది. మేమొచ్చిన ఈ ఎర్ర సముద్రం మీదనుంచే పుంత్ దేశానికి ఓడలు పంపి, ధూపానికి పనికొచ్చే బోళం చెట్లని వేళ్లతో సహా తెప్పించిందట. ఆ ఓడలూ, తెరచాపలూ, బుట్టల్లో పెట్టి మోసుకొస్తున్న చెట్లూ అన్నీ గోడ మీద చెక్కి ఉన్నాయి.

ఒకచోట గోడ మీద అందరి బొమ్మలూ నిక్షేపంగా ఉండి, మధ్యలో ఒక మనిషి మేర మాత్రం గాట్లు పెట్టి గీకేసి ఉంది. ఆవిడ పోయిన చాలా ఏళ్లకి, ఆవిడ తర్వాత రాజైన సవతి కొడుకు మూడో తుత్మోస్ హయాంలో ఆవిడ బొమ్మల్నీ, పేర్లనీ చెక్కించేశారు. కాని ఉలి నడిచిన మేర ఆకారం అలాగే నిలిచింది. అదిగో తల, అదిగో భుజం.

"చూశావా," అంది అక్క మెల్లిగా. "పేరు తీసేసినంత మాత్రాన మనిషెవరో తెలియకుండా పోతుందా?"

నాకు అర్థమైంది. కాళ్లు వణికాయి.

"ఆ ఏడు మీ బావ ఉద్యోగం పోయింది," అంది గోడ వైపే చూస్తూ. "గ్రీన్ కార్డు కాగితాలు మధ్యలో ఉన్నాయి. దేశం దాటితే తిరిగి రానిస్తారన్న నమ్మకం లేదు. పిల్లలు బళ్లో ఉన్నారు. నాన్నకి తెలిస్తే బెంగతో ఇంకా ముందే పోతారని ఎవరికీ చెప్పలేదు. పంపిన డబ్బు నా గాజులమ్మింది. ఆ సోంపేట కుర్రాడికి 'పాపం' అన్నావు చూడు... ఒక్క మాట నన్నూ అడిగి ఉంటే ఎంత బాగుండేదే, బుజ్జీ!"

పదకొండేళ్ల తర్వాత బుజ్జీ అంది!

నేనేం చెప్పను? రచయిత్రిని, మాటలకి కొదవలేనిదాన్ని, ఒక్క మాట రాలేదు. చుట్టూ దేశదేశాల జనం ఫోటోలు తీసుకుంటుంటే అక్క చెయ్యి పట్టుకుని నిలబడిపోయాను. "పద, బస్సు వెళ్లిపోతుంది," అని అక్కే లాక్కెళ్లింది. బస్సులో నా కొంగు తీసి నా మొహం తుడిచింది. దారిపొడుగునా నాన్న గురించే మాట్లాడుకున్నాం. అచ్చయిన నవలని వెనక్కి తీసుకోలేను కదా. ఆ ఉత్తరాల సంచీ మాత్రం ఇంటికి రాగానే అటకమీంచి దింపి, వంటింటి పొయ్యిలో పెడదామనుకున్నాను. మాది గ్యాసు పొయ్యి! చివరికి పాత పేపర్లవాడికి వేశాను.

మేం తిరిగొచ్చాక, 2023లో ఒక వార్త చదివాను. ఆ తీరంలోనే ఇంకా దక్షిణంగా బెరెనీకే అనే పాత రేవు తవ్వకాల్లో పాలరాతి బుద్ధుడి విగ్రహం దొరికిందనీ, మన శాతవాహనుల నాణేలు రెండు కూడా దొరికాయనీ! వెంటనే అక్కకి ఫోన్ చేశాను.

"అయితే మనకంటే ముందే మనవాళ్లెవరో వెళ్లొచ్చారన్నమాట," అంది.

"అక్కా, మన ప్రయాణం గురించి రాద్దామనుకుంటున్నాను. ఈసారి అడిగే రాస్తాను. రాయనా?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. నా గుండె పట్టిసీమ పడవలోలా కొట్టుకుంది.

"రాసుకో. నాన్న దగ్గరికి రాలేదని కాదు, రాలేకపోయానని రాయి. కేకు సంగతి కూడా రాయి, ఆయనకి ఇష్టంగా ఉంటుంది," అంది. ఫోన్ పెట్టెయ్యబోతూ, "గాజు పడవలో కమ్మీ పట్టుకుని కూర్చున్నావు చూడు, పిరికి మొహమా, అదీ దాచకుండా రాయి!" అంది.

రాశాను.