నవ్వుకి నాలుగు దారులు

నవ్వు నాలుగు విధాల చేటంటారు పెద్దలు. నాలుగేళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన నన్నడిగితే, నవ్వలేకపోవడమే అసలు చేటంటాను. నా అనుభవం మీలో ఒక్కరికి పనికొచ్చినా చాలని ఇది రాస్తున్నాను.

మాది కొంగరకలాన్. 2022లో జిల్లా కలెక్టరేటు వచ్చాక చాలామందికి తెలిసిన ఊరే. ఓ రోజు పొద్దున్నే నల్లా దగ్గర నాచు మీద కాలు జారి పడ్డాను. బిందె అంచు తగిలి పై ముందు పళ్ళు రెండూ విరిగాయి. తెలిసినచోటికి వెళ్ళి వేర్లతో సహా తీయించుకున్నాను. గాయం మానితే చాలనుకున్నా. పన్ను పోయినచోట ఎముక కూడా కరుగుతుందని వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు.

తీసి పెట్టుకునే పళ్ళ ప్లేటుతో కాలం గడిపాను. మొన్నటి సంక్రాంతికి ఆడబిడ్డ వాళ్ళింట్లో సకినం కొరికితే, సకినంతోపాటు ప్లేటూ చేతిలోకి వచ్చేసింది! పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాననుకోండి, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంప్లాంటు పెట్టించుకుందామని పట్నం వెళ్ళాం. స్వీడన్ డాక్టరు బ్రోనెమార్క్ 1965లో మొదటిసారి ఓ మనిషి దవడలో అమర్చిన టైటానియం స్క్రూ పద్ధతే ఇది. డాక్టరుగారు స్కాన్ చూసి, "ఎముక వెడల్పు మూడున్నర మిల్లీమీటర్లే ఉందమ్మా" అన్నారు. స్క్రూయే దాదాపు అంత లావు. దానికి ఇరువైపులా కనీసం మిల్లీమీటరు పైన ఎముక ఉండాలట. పలచటి గోడకి లావు మేకు కొడితే ఏమవుతుందో మనకు తెలియనిదా?

పన్ను తీసిన ఏడాదిలోనే అక్కడి ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గుతుందట. అదీ ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. పై ముందు పళ్ళకి బయటివైపు ఎముక చాలామందికి మిల్లీమీటరు మందం కూడా ఉండదు, అందుకే అది ముందు కరుగుతుంది.

ఆయన ఓపిగ్గా నాలుగు దారులు చెప్పారు.

మొదటిది, ఎముక జోలికి పోకుండా బ్రిడ్జి కట్టించుకోవడం. తొందరగా అయిపోతుంది, కానీ అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళని అరగదీయాలి.

రెండోది, ఎముకని నిలువునా చీల్చి, బజ్జీ మిరపకాయని విప్పినట్టు విప్పి, మధ్యలో స్క్రూ పెట్టడం. కుదిరితే రెండు పనులూ ఒకే రోజు అవుతాయి. కానీ కనీసం మూడు మిల్లీమీటర్ల వెడల్పు, రెండు పొరల మధ్య మెత్తటి ఎముకా ఉండాలి. లేకపోతే ముందు పొర విరిగే ప్రమాదం. నాకు వెడల్పు సరిపోయినా మధ్యలో మెత్తదనం లేదు.

మూడోది, మన ఎముక ముక్కనే కింది దవడ చివర నుంచో గడ్డం నుంచో తీసి పైన చిన్న స్క్రూలతో బిగించడం. ప్రాణమున్న ఎముక కాబట్టి బాగా అతుక్కుంటుంది. అయితే గాయాలు రెండు. తీసినచోట కొందరికి తిమ్మిరి ఉండిపోతుంది. పెట్టిన ముక్కలో కొంత కరుగుతుంది కూడా.

నాలుగోది, ఎముక పొడి వేసి పైన పొర కప్పడం. పొలం గట్టు సన్నబడితే పక్కన మట్టి వేసి మెత్తినట్టన్నమాట. లోపల మన ఎముక పెరిగేదాకా చిగురు చొచ్చుకు రాకుండా పొర అడ్డుకుంటుంది. కుట్లు విడిపోయి పొర బయటపడితే చీము పట్టొచ్చు.

నేను నోరు తెరిచి అడిగింది ఇక్కడే. "ఆ పొడి దేంతో చేస్తారండీ?" డాక్టరుగారు దాచలేదు. ఎక్కువగా వాడేది పశువుల ఎముక. మాంసకృత్తులన్నీ తీసేసి, ఖనిజం మాత్రమే మిగిల్చి ఇస్తారు. నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి ఆకారం నిలుపుతుంది. కరిగిపోయే పొరలు కూడా చాలావరకు పంది చర్మంతోనో పశువులతోనో చేసినవే. దానం చేసిన మనిషి ఎముక కూడా ఉంటుంది. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో అందుకోసం టిష్యూ బ్యాంకే ఉంది. ఇవేవీ వద్దంటే కాల్షియం ఫాస్ఫేట్‌తో తయారుచేసిన పొడి ఉంది.

నాకు గుండె ఝల్లుమంది. మా ఇంట్లో ఆవుకి పసుపు బొట్టు పెట్టందే పండగ కాదు. తెలియకుండా సంతకం పెట్టేసి ఉంటే? ఇంటికొచ్చి చెబితే మా అత్తమ్మ తేలిగ్గా అనేసింది: "నీ బొక్క నీకు పెట్టేదుంటే మందిది ఎందుకు బిడ్డా? అడుగు, నోరు లేదా నీకు?"

అడిగాను. కింది దవడ నుంచి గీరిన నా ఎముక తురుము, దాంట్లో కృత్రిమ పొడి కలిపి వేశారు. పైన కప్పింది టెఫ్లాన్ పొర. అవును, మన నాన్‌స్టిక్ పెనం మీద పూతే! అది కరగదు కాబట్టి తర్వాత తీయాల్సి వచ్చింది. ఓ కోత ఎక్కువే, కానీ నా మనసుకి ఒప్పుదల.

నాలుగైదు రోజులు మొహం వాచింది. జావ, చల్లార్చిన మెత్తటి పప్పన్నంతో సరిపెట్టుకున్నాను. ఆరు నెలలు ఆగి స్కాన్ తీస్తే ఆరు మిల్లీమీటర్లు దాటింది. స్క్రూ కూర్చుంది. క్యాప్ ఇంకా వేయాలి.

పశువుల పొడి తప్పని నేననను, దానితో బాగుపడ్డవాళ్ళు ఎందరో. ఎవరి మనసు వారిది. తెలిసి ఒప్పుకోవాలి, అంతే. ఒక్క డాక్టరు మాటతో తేలకపోతే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, అక్కడా చూపించుకోండి. షుగరుంటే ముందు అదుపులో పెట్టుకోండి. మీ ఇంట్లో ఈ వైద్యం మగవారికైతే బీడీ, సిగరెట్టు మానిపించండి, పొగ తాగితే ఎముక సరిగ్గా అతకదు. అన్నిటికన్నా ముఖ్యం, పన్ను తీయించుకునే రోజే "ఆ గుంతలో ఎముక నిలవడానికి ఏమైనా వేస్తారా?" అని అడగండి. నేను అడగని ఆ ఒక్క మాటకే ఇన్ని నెలలు పట్టింది.

సకినం ఇంకా తుంచుకునే తింటున్నాను. కొంగు మాత్రం నోటి దగ్గరికి పోవడం మానేసింది.