ట్రాన్స్‌ఫర్ కేస్ మోగితే మొదటి డాలరు దేనికి?

ఆల్‌-వీల్‌-డ్రైవ్ బండి కింద నుంచి కూత మొదలైతే చాలామంది వెంటనే ఒక్కటే ఆలోచిస్తారు: బాగుచేయించాలా, వదిలించుకోవాలా? మంచుకు తట్టుకుంటుందని న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో పాత ఎస్‌యూవీ కొనుక్కున్న మన కుటుంబాలకు ఇది చిన్న సంగతి కాదు. గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌ను మార్చాలంటే ఎస్టిమేట్ తేలిగ్గా వేల డాలర్లు దాటుతుంది. అయితే మోత ఎక్కడిదో తేలకముందు ఆ ప్రశ్నకు జవాబు వెతకడం తొందరపాటని నా నమ్మకం. నా డబ్బు విషయంలో నేను పాటించే పద్ధతి ఇది: మొదటి ఖర్చు నిర్ధారణకు, ఆ తర్వాతే విడిభాగాలకు. గంటో రెండు గంటలో లేబర్ ఇచ్చి కారణం తెలుసుకోవడం దండగ కాదు. మిగతా ఖర్చంతా సరైన చోట పడుతుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడుతుంది.

చెవి పెట్టి వింటే సగం సంగతి రోడ్డు మీదే తెలుస్తుంది. బండి వేగంతో పాటు కూత పెరుగుతూ, గేరు మారినా తీరు మారకపోతే అది ఇంజిన్‌ది కాదు, చక్రాలతో పాటు తిరిగే భాగాల్లో ఒకదానిది. స్టీరింగ్ కొంచెం ఎడమకూ కుడికీ తిప్పినప్పుడు మోత హెచ్చుతగ్గులవుతుంటే ముందు వీల్ బేరింగ్‌ను అనుమానించాలి. ఆ పనికయ్యే ఖర్చు ట్రాన్స్‌ఫర్ కేస్ ఖర్చు ముందు చాలా తక్కువ. డ్రైవ్ నుంచి రివర్స్‌కు వేయగానే ఠక్కుమంటే డ్రైవ్ షాఫ్ట్‌లోని యూనివర్సల్ జాయింట్‌ను చూడాలి. నిలిచిన బండిని గట్టిగా లాగించినప్పుడు కింద ఫట్ ఫట్‌మని ఏదో జారినట్టు కొడితే లోపలి చైన్ సాగి, పళ్ల మీద నుంచి ఎగురుతూ ఉండవచ్చు. ఆ తర్వాత ఆయిల్ చూడాలి. ముందు పైనున్న ఫిల్ ప్లగ్ ఊడుతుందని రూఢి చేసుకున్నాకే కింది డ్రెయిన్ ప్లగ్ ముట్టుకోవాలి, లేకపోతే ఉన్న ఆయిల్ పోయి, కొత్తది నింపే దారి మూసుకుపోతుంది. లోహపు పొడిని పట్టే మ్యాగ్నెట్‌కు బూడిదరంగు మెత్తని పేస్టు అంటితే అది మామూలు అరుగుదలే. వేళ్ల మధ్య గరగరలాడే లోహపు ముక్కలు తగిలితే మాత్రం లోపల బేరింగో, పళ్లో విరుగుతున్నట్టు.

కారణం తెలియకుండా యూనిట్ మార్చడం ఎందుకు నష్టమో జనరల్ మోటార్స్ బండ్లు బాగా చూపిస్తాయి. 2000ల మొదటి సంవత్సరాల టాహో, యూకాన్, ఎస్కలేడ్ లాంటి వాటిలో వచ్చిన ఎన్‌పీ 246, ఎన్‌పీ 149 ట్రాన్స్‌ఫర్ కేసుల్లో ఆయిల్ పంపును పట్టి ఉంచే చెవి లాంటి భాగం కదులుతూ, మెగ్నీషియంతో చేసిన వెనుక డొప్పను లోపలి నుంచి రాస్తుంది. రాసి రాసి చివరికి సన్నటి రంధ్రం పడుతుంది. అది ఆయిల్ మట్టానికి పైన ఉండటం వల్ల బండి ఆగి ఉన్నప్పుడు కింద చుక్క కూడా పడదు. నడుస్తున్నప్పుడే చిమ్ముకుంటూ పోయి, కేస్ ఎండిపోయి, బేరింగ్‌లు కూత పెడతాయి. ఈ సంగతి తెలిసిన మెకానిక్ వెనుక డొప్ప మార్చి, పంపు చెవి రాసే చోట గట్టి ప్లేటు వేసి, అరిగిన బేరింగ్‌లు, చైన్, సీల్స్ పనిలో పనిగా కొత్తవి వేస్తాడు. తెలియని చోట జంక్‌యార్డ్ నుంచి అదే మోడల్ యూనిట్ తెచ్చి బిగిస్తారు. దానిలోనూ అదే పంపు, అదే మెగ్నీషియం డొప్ప ఉంటాయి. కొన్న రోజు చవకే, కానీ డొప్పను తరిగేసే రాపిడి లోపల మళ్లీ మొదలవుతుంది.

నిర్ధారణకు డబ్బు కట్టినా చివరికి యూనిట్ మార్చాల్సే వస్తే రెండుసార్లు ఖర్చు కదా అంటారు. నిజమే, కొన్నిసార్లు అలాగే జరుగుతుంది. కానీ అసలు కారణం టైర్లైతే? ఒక టైరు పగిలిందని ఆ ఒక్కటే కొత్తది వేయిస్తే దాని చుట్టుకొలత మిగతా మూడింటి కంటే ఎక్కువ ఉంటుంది. తేడాను సరిదిద్దే పని బండి నడిచినంతసేపూ ట్రాన్స్‌ఫర్ కేస్ లోపలి క్లచ్ మీద పడుతుంది. నాలుగు టైర్ల చుట్టుకొలతల తేడా పావు అంగుళం లోపే ఉండాలని సుబారు చెప్పేది అందుకే. ఆ తేడా అలాగే ఉంచి కొత్త యూనిట్ వేస్తే అదీ పాతదాని దారే పడుతుంది. ఇంకొందరు ముందు షాఫ్ట్ విప్పేసి రెండు చక్రాలతో నడుపుకోమని సలహా ఇస్తారు. కొన్ని ఫోర్‌-వీల్‌-డ్రైవ్ బండ్లలో అది కుదురుతుంది. మధ్యలో ఓపెన్ డిఫరెన్షియల్ ఉన్న ఫుల్‌టైమ్ బండిలో శక్తంతా ఖాళీగా తిరిగే వైపుకే పోయి బండి కదలదు. ఇక్కడా ముందు ఏ రకం కేసో తెలియాలి.

బండి విలువ కంటే రిపేరు ఎక్కువైతే అమ్మేయాలన్న వాదనే అన్నిటికంటే బలంగా వినిపిస్తుంది. నేను దాన్ని పూర్తిగా ఒప్పుకోను. రిపేరును పాత బండి ధరతో కాదు, దాని బదులు కొనే బండికి కట్టబోయే వాయిదాలతో పోల్చాలి. రిపేరు 2,000 డాలర్లు, కొత్త లోన్ వాయిదా నెలకు 500 అనుకుందాం. బాగుచేసిన బండి ఐదో నెలలో అడుగుపెట్టేసరికే ఆ ఖర్చు తిరిగొచ్చినట్టు, పెరిగే ఇన్సూరెన్స్‌ను లెక్కలోకి తీసుకోకుండానే. అయితే రోడ్ల మీద చల్లే ఉప్పుకు చాసిస్ తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడుతుంటే ఆ బండి మీద ట్రాన్స్‌ఫర్ కేస్ ఖర్చు పెట్టను, అమ్మేస్తాను. అప్పుడు కూడా నిర్ధారణ ఫీజు వృథా పోదు. ఏదో మోత వస్తోందని చెబితే కొనేవాడు అన్నిటికంటే పెద్ద రిపేరునే ఊహించుకుని ధర కోస్తాడు. చైన్ సాగిందని రాసిన షాపు కాగితం చూపిస్తే ఆ చైన్ ఖరీదు, లేబర్ దగ్గరే బేరం మొదలవుతుంది.